అప్పు పుట్టని చేతులు – 9వ భాగం: "ష్యూరిటీ ఎవరు?"



గత భాగం చదివిన ఒక డిగ్రీ విద్యార్థి మెసేజ్ పెట్టాడు. "అన్నా, బ్యాంకులను జాతీయం చేసి యాభై ఏళ్లు దాటింది. ఎస్సీ కార్పొరేషన్ వచ్చి కూడా యాభై ఏళ్లయింది. అయినా మా ఊరి మెయిన్ రోడ్డు మీద మనోళ్ల కొట్టు ఒక్కటి లేదు. మనకు వ్యాపారం చేతకాదా?" అని.

ఆ చివరి మాట తమ్ముడు సొంతంగా పుట్టించింది కాదు. మండలాఫీసు వరండాల్లో, బ్యాంకు కౌంటర్ల దగ్గర, టీ కొట్ల ముందు మనమంతా విన్నదే. "వీళ్లకు బర్రెనిస్తే అమ్ముకుంటారు, ఆటో ఇస్తే కుదువబెడతారు." విని విని మన పిల్లలు కూడా నమ్మే దాకా వచ్చింది. అందుకే ఈసారి ఉద్యమాల కథ పక్కన పెట్టి అప్పు కాగితాల కథ రాస్తున్నాను. అంకెలుంటాయి, కొంచెం ఓపిక పట్టండి.

ముందు ఆ "చేతకాదు" సంగతి తేల్చుకుందాం. మాదిగవాడ అంటే ఒకప్పుడు చిన్న కార్ఖానా. చచ్చిన గొడ్డును మోసుకొచ్చి, తోలు ఒలిచి, సున్నంలో నానబెట్టి, వెంట్రుక రాల్చి, లందలో తంగేడు చెక్క నీళ్లలో రోజుల తరబడి ఊరేస్తే గానీ అది పనికొచ్చే తోలు కాదు. ఎన్ని రోజులు ఊరాలి, ఎప్పుడు తిప్పెయ్యాలి, ఏ భాగం అడుగు అట్టకు, ఏ భాగం వారుకు, ఇదంతా చేతిలో ఉన్న రసాయన శాస్త్రం. మా తాత ఆరె, రంపె పట్టుకుని మోటబొక్కెన కుడితే చుక్క నీరు కారేది కాదని మా ఊళ్లో రైతులే చెప్పేవాళ్లు. కరెంటు మోటార్లు రాకముందు బావి కింద సేద్యం నడిచింది ఆ తోలు బొక్కెన మీదే. అంటే నైపుణ్యం ఉంది, సరుకుకు గిరాకీ ఉంది. ఊరు మొత్తం కొనుగోలుదారే.

లేనిదల్లా చేతిలో నగదు. చెప్పులకు, బొక్కెనకు ఊరిచ్చేది కల్లం దగ్గర మేర, పంట వచ్చినప్పుడు కొలిచే నాలుగు గింజలు. తెలంగాణలో దొర, పటేలు, పట్వారీలకు చేసేది వెట్టి, దానికి అదీ లేదు. ఏడాదికోసారి గింజలు వచ్చే మనిషి నాలుగు తోళ్లు ముందే కొని నిల్వ పెట్టుకోలేడు. గిట్టుబాటు ధర వచ్చే దాకా సరుకు ఆపుకోలేడు. మధ్యలో ఇంట్లో జబ్బు చేస్తే దొర గడప తొక్కి నాగుకు గింజలు తెచ్చుకోవాలి. అది తీరకపోతే కొడుకు జీతానికి కుదిరేవాడు. ఈ భగేలా ఒప్పందాలను కట్టడి చేస్తామని నిజాం సర్కారు 1936లో ఒక చట్టం తెచ్చిందంటే అది ఎంతగా పాకిందో అర్థం చేసుకోండి. మనవాళ్లకు తెలిసిన మొదటి అప్పు అది. దానికి హామీ మనిషి ఒళ్లే.

ఇక మద్రాసు వైపు చూడండి. పందొమ్మిదో శతాబ్దం చివరికల్లా మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఊనిన తోళ్లు ఓడలకెక్కి లండన్ బజారుకు పోతున్నాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైనికుల బూట్లకు వాడిన తోలులో మద్రాసు తోలుది పెద్ద వాటా. ఆ తోలు ఎక్కడి నుంచి వచ్చింది? పల్లెల నుంచి. ఒలిచింది ఎవరు? మనమే. టానరీ గుంతల్లో తొక్కింది కూడా చాలావరకు మనవాళ్లే. టానరీ యజమానులు, ఏజెంట్లు, ఎగుమతి కంపెనీలు మాత్రం వేరే. పల్లెలో తోలు పోగుచేసే మనిషికి వ్యాపారి అడ్వాన్సు ఇచ్చేవాడు, ఆ అడ్వాన్సుతోనే ధర కూడా ఆయన చేతికి పోయేది. తోలు ధర పెరిగిన చోట ఇంకో తగాదా వచ్చింది. అప్పటిదాకా "నీదే, తీసుకుపో" అన్న చచ్చిన గొడ్డు తోలు ఉన్నట్టుండి రైతుదైంది. కంపు కొట్టినంత కాలం మనది, డబ్బు వాసన వచ్చాక వాళ్లది.

సర్కారు ఏమీ చేయలేదా అంటే, చేసింది. ఆ కథ మన విద్యార్థులు తప్పక చదవాలి. ఆల్ఫ్రెడ్ చాటర్టన్ అనే ఇంజనీరు 1903లో మద్రాసు ప్రభుత్వం తరఫున క్రోమ్ టానింగ్ ప్రయోగం మొదలుపెట్టాడు. తంగేడు చెక్కతో ఊనిన తోలు కంటే క్రోమ్ తోలు నీళ్లలో ఎక్కువ కాలం నిలుస్తుంది, కాబట్టి మోటబొక్కెనలకు మేలు అని అతని లెక్క. 1904లో మద్రాసు ప్రెసిడెన్సీ తోలు పని మీద ఒక పుస్తకమే రాశాడు. ప్రయోగం బాగానే నడిచింది. అయితే ప్రభుత్వమే పరిశ్రమ నడపడమేమిటని యూరోపియన్ వ్యాపారులు గోల చేశారు. లండన్‌లో కూర్చున్న భారత మంత్రి మోర్లే 1910లో అడ్డుకట్ట వేశాడు. సర్కారు పని నేర్పొచ్చు గానీ వ్యాపారం చేయకూడదని ఆ ఉత్తర్వు సారం.

తర్వాత 1922లో మద్రాసు శాసనసభ పరిశ్రమలకు ప్రభుత్వ సాయం ఇచ్చే చట్టం చేసింది. దేశంలో ఇలాంటి వాటిలో అదే మొదటిది. కుటీర పరిశ్రమలు కూడా అందులో ఉన్నాయి. వినడానికి బాగుంది. కానీ అప్పు కావాలంటే తనఖా పెట్టడానికి ఆస్తి చూపించాలి. లంద గుంత ఎవరి పేరు మీద ఉంది? గుంత తవ్విన నేలే మనది కాదు.

అదే కాలంలో, 1920 ప్రాంతంలో, మద్రాసు ప్రభుత్వం "అణగారిన వర్గాల" కోసం లేబర్ కమిషనర్‌ను పెట్టింది. ఆ శాఖ మనవాళ్ల చేత సహకార సంఘాలు పెట్టించి అప్పులిచ్చింది. దేనికోసం? ఇంటి స్థలాల కోసం. భూస్వామి నేల మీద గుడిసె వేసుకున్నవాడు ఎదురు మాట్లాడితే రాత్రికి రాత్రి గుడిసె పీకేసేవాళ్లు. అందుకని జాగా కొనిపెట్టి, ఆ డబ్బు మన తాతల దగ్గర వాయిదాల మీద వసూలు చేశారు. ఇది ఎవరినీ నిందించడానికి చెప్పడం లేదు, ఆ రోజుల్లో అది పెద్ద సాయమే. కానీ గుర్తుపెట్టుకోండి. పక్క కులం పిల్లాడు అప్పు తెచ్చి మిల్లు పెట్టే రోజుల్లో మన తాత అప్పు తెచ్చింది కాళ్లు పెట్టుకునే జాగా కోసం. పరుగు పందెంలో ఒకడు సగం దూరం పోయాక ఇంకొకడికి నిలబడే చోటు దొరికింది.

ఇక స్వతంత్రం వచ్చింది. రిజర్వ్ బ్యాంకు 1951-52లో దేశవ్యాప్తంగా గ్రామీణ అప్పుల సర్వే చేయించింది. గోర్వాలా కమిటీ నివేదికగా 1954లో వచ్చింది. పల్లె అప్పుల్లో వాణిజ్య బ్యాంకుల వాటా 0.9 శాతం. సహకార సంఘాలది 3.1, ప్రభుత్వానిది 3.3. వడ్డీ వ్యాపారులది దాదాపు 70. అందులో రైతే వడ్డీ వ్యాపారి అయినవాళ్లది 24.9. ఈ చివరి అంకె దగ్గర ఆగండి. పొద్దున కూలికి పిలిచేవాడే రాత్రి అప్పిచ్చేవాడు అని దాని అర్థం. కూలి రేటు మీద బేరమాడితే అప్పు గుర్తుచేస్తాడు. అప్పు మీద బేరమాడితే కూలి మాన్పిస్తాడు.

1969 జులై 19న పద్నాలుగు బ్యాంకులు జాతీయమయ్యాయి. 1972లో డీఆర్ఐ పథకం వచ్చింది. నిరుపేదలకు 4 శాతం వడ్డీకి అప్పు, బ్యాంకు ఇచ్చే మొత్తం అప్పుల్లో ఒక శాతం దీనికి, అందులో 40 శాతం ఎస్సీ, ఎస్టీలకు. 1973లో ఆంధ్రప్రదేశ్‌లో తోలు పరిశ్రమల కోసం లిడ్‌క్యాప్, 1974లో ఎస్సీ కార్పొరేషన్ వచ్చాయి. 1979-80 నుంచి స్పెషల్ కాంపొనెంట్ ప్లాన్. కాగితం మీద చూస్తే ఆ పదేళ్లలో మన కోసం కట్టినంత ఏర్పాటు అంతకుముందు వెయ్యేళ్లలో లేదు. వీటిని ఉత్త మోసం అని కొట్టిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. కార్పొరేషన్ బావులతో, మోటార్లతో, షాపులతో బతికిన కుటుంబాలు నాకు తెలుసు. ఆ కుటుంబాల పిల్లలే ఇవాళ యూనివర్సిటీల్లో ఈ పోస్టులు చదువుతున్నారు.

గొడవ ఆ అప్పు కట్టిన తీరులో ఉంది.

కార్పొరేషన్ తానే మొత్తం అప్పివ్వదు. యూనిట్ ధరలో కొంత సబ్సిడీ, కొంత మార్జిన్ మనీ ఇస్తుంది, మిగతాది బ్యాంకు ఇవ్వాలి. 2013 చివర్లో వచ్చిన జీవో 101 గుర్తుందా? సబ్సిడీ 60 శాతం, లక్ష రూపాయలకు మించకుండా అన్నారు. వయసు 21 నుంచి 45 దాకా అని గీత గీశారు. 46 ఏళ్ల చెప్పులు కుట్టే మనిషి ఒక్క జీవోతో ముసలివాడైపోయాడు. సరే, లక్ష రూపాయల యూనిట్ అనుకోండి. సర్కారు 60 వేలు ఇస్తానంటుంది. ఆ 60 వేలు కదలాలంటే మిగతా 40 వేలకు బ్యాంకు కాన్సెంట్ కావాలి. అంటే సర్కారు డబ్బు తాళం చెవి కూడా బ్రాంచి మేనేజర్ జేబులోనే ఉంది. మన కులం పేరు మీద వచ్చిన పథకంలో చివరి మాట మన కులాన్ని నమ్మని మనిషిది.

కొన్నేళ్ల కింద మా జిల్లాలో చెప్పుల షాపు పెట్టాలనుకున్న ఒక తమ్ముడితో కలిసి ఒక బ్యాంకుకు పోయాను. పని వచ్చు, ట్రైనింగ్ సర్టిఫికెట్ ఉంది, కార్పొరేషన్ మంజూరు కాగితం ఉంది. మేనేజర్ అడిగింది ఒకటే: "ష్యూరిటీ ఎవరు? గవర్నమెంట్ ఉద్యోగి సంతకం తీసుకురండి." వాడ మొత్తానికి సర్కారు జీతం ఒక్కటే, బడిలో అటెండర్ అన్నది. ఆ అన్న అప్పటికే ఇద్దరికి సంతకం పెట్టి, ఒకరి అప్పు తన జీతంలోంచి కడుతున్నాడు. సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు 10 లక్షల దాకా తనఖా అడగొద్దని రిజర్వ్ బ్యాంకు 2010లోనే చెప్పింది. బ్యాంకు నష్టపోకుండా గ్యారంటీ ఇచ్చే ట్రస్టు 2000 సంవత్సరం నుంచి ఉంది. ఆ సర్క్యులర్ ప్రింటు తీసి బల్ల మీద పెట్టాను. ఆయన తిప్పి కూడా చూడలేదు. "సర్క్యులర్ బొంబాయిది, రికవరీ నాది" అన్నాడు.

ఆయన దుర్మార్గుడని నేననను. ఆయన అడిగిన ప్రశ్నకు మన చరిత్రలో జవాబు లేదు, అంతే. భూమి ఉన్నవాడికి పట్టా పాసుపుస్తకం ష్యూరిటీ. వ్యాపార కులంలో పుట్టినవాడికి మేనమామ ష్యూరిటీ. మనకు ఆ ఒక్క అటెండర్ అన్న. వందల ఏళ్లు భూమి దక్కకుండా చేసి, ఇవాళ భూమి కాగితం లేదని అప్పు ఆపితే దాన్ని బ్యాంకు రూల్ అంటున్నాం.

ఇక్కడ మేనమామ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన చర్చల్లో ఇది ఎప్పుడూ రాదు. కిరాణా కొట్టు పెట్టేవాడికి అసలు పెట్టుబడి బ్యాంకు నుంచి రాదు, హోల్‌సేల్ డీలరు నుంచి వస్తుంది. సరుకు ముందు, డబ్బు తర్వాత. వారం, పదిహేను రోజులు, నెల. ఆ అరువు ఎవరికి దొరుకుతుంది? మేనమామ కొట్టులో పదేళ్లు పొట్లాలు కట్టిన పిల్లాడికి. "మావాడే, ఇవ్వు" అని ఒక్క ఫోన్ చాలు. నాట్టుకోట్టై చెట్టియార్లు బర్మా దాకా వ్యాపారం నడిపింది కూడా ఇలాగే. ఒకరి డబ్బు ఒకరు తిప్పుకుంటూ, కులం లోపలి వడ్డీ రేటు లోపలే నిర్ణయించుకుంటూ. వాళ్ల కష్టాన్ని నేను తక్కువ చేయడం లేదు, తెల్లారకముందే షట్టరు తీసే మనుషులు. కానీ దాన్ని వ్యక్తిగత ప్రతిభ అని పాఠాలు చెబితే ఒప్పుకోను. అది కులం నడిపే బ్యాంకు. దానికి బ్రాంచి లేదు, బోర్డు లేదు, మనకు ఖాతా లేదు.

మా తమ్ముడి షాపు చివరికి వచ్చింది. ఆరు నెలలు తిరిగాక, ఇంట్లో పుస్తెల తాడు కుదువబెట్టాక. సామాన్లకు, అద్దె అడ్వాన్సుకు డబ్బు సరిపోయింది. మొదటి నెల బాగానే నడిచింది. డీలరు అరువు ఇవ్వడు, నగదే కావాలన్నాడు. అమ్మిన డబ్బుతో కొత్త సరుకు తెస్తే ఇంటి ఖర్చుకు లేదు, ఇంటికి వాడితే సరుకు లేదు. మళ్లీ బ్యాంకుకు పోతే పాత అప్పు తీరాకే అన్నారు. షట్టరు తెరవడానికి అప్పిచ్చారు, తెరిచి ఉంచడానికి ఇవ్వలేదు. అప్పుడు డైలీ ఫైనాన్స్ వాడు వచ్చాడు. పది వేల అప్పుకు 8,500 చేతిలో పెట్టి, రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు. అసలు రోజురోజుకూ తగ్గుతూ పోతుంది కాబట్టి లెక్క వేసి చూడండి, ఏడాదికి వడ్డీ నూటికి నూరు దాటుతుంది. ఏ చెప్పుల షాపు లాభం దాన్ని మోస్తుంది? ఏడాదిన్నరకు షాపు మూతపడింది. బ్యాంకు రికార్డులో అది "ఎస్సీ లబ్ధిదారుడి ఎగవేత". తర్వాత వచ్చే మనవాడికి మేనేజర్ ఆ రికార్డు చూపిస్తాడు.

బర్రెల కథ ఇంకొకటి. 1980ల్లో ఐఆర్‌డీపీ దేశమంతా పాకిన రోజుల నుంచి మనకు అప్పు అంటే బర్రె. పాలు ఎక్కడ అమ్మాలి అని ఎవరూ అడగలేదు. ఆంధ్రప్రదేశ్‌తో సహా 11 రాష్ట్రాల్లో 565 గ్రామాల్లో అంటరానితనం మీద జరిగిన అధ్యయనం 2006లో పుస్తకంగా వచ్చింది. పాల సహకార సంఘాలున్న గ్రామాల్లో 47 శాతం చోట్ల దళితుల పాలు పోయనివ్వలేదని, 35 శాతం గ్రామాల్లో దళితులు తమ పంటను, సరుకును స్థానిక బజారులో అమ్ముకోలేకపోయారని అది చెప్పింది. బర్రెను ఎందుకు అమ్ముకున్నావని అడిగే ఆఫీసరు ఈ రెండు అంకెలు చదవాలి. గడ్డి కొనాలి, కొన్న గడ్డి తిని అది ఇచ్చిన పాలు మాత్రం అంటరానివి.

తోలు పని ఏమైందో కూడా చెప్పాలి. కరెంటు మోటారు మోటను తీసేసింది, ప్లాస్టిక్, రబ్బరు చెప్పులు మన చెప్పును తీసేశాయి. చేతిపని అలా మారే రోజున చేయూత ఇవ్వడానికే లిడ్‌క్యాప్ పెట్టారు. లెదర్ పార్కుల పేరుతో భూములు కేటాయించారు. చాలా చోట్ల ఆ భూములు ఏళ్ల తరబడి ముళ్లకంపలతో ఖాళీగా పడి ఉన్నాయి. అవే రోజుల్లో తోలు బూట్ల షోరూంలు మన పట్టణాల్లో వెలిశాయి. ఇప్పుడు తోలుకు కంపు లేదు, ఏసీ ఉంది.

ఇవన్నీ కలిపితే ఏమవుతుందో కేంద్ర ప్రభుత్వ లెక్కే చూపిస్తుంది. 2015-16 జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలో సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థలన్నిటిలో ఎస్సీ యజమానులవి 12.45 శాతం. పర్వాలేదే అనిపిస్తుంది. విడగొట్టి చూడండి. సూక్ష్మ సంస్థల్లో 12.48. చిన్న వాటిలో 5.50. మధ్య తరహా వాటిలో 0.00. నేను తప్పు టైప్ చేయలేదు. సున్నా. బండి, గుమ్మటం, కుట్టు మిషను దగ్గర మనం ఉన్నాం. అవి పెరగాల్సిన మెట్టు దగ్గర లేము. మన వాడికి పని చేయడం రాదన్న మాటకు మొదటి అంకె జవాబు. అప్పు, అరువు, బజారు ఎక్కడ తెగిపోతాయో చివరి అంకె జవాబు.

2012లో కేంద్రం తన కొనుగోళ్లలో 4 శాతం ఎస్సీ, ఎస్టీల సంస్థల నుంచి కొనాలని విధానం పెట్టింది. చాలా ఏళ్లు అది ఒక్క శాతం కూడా దాటలేదు. 2016 ఏప్రిల్ 5న స్టాండప్ ఇండియా వచ్చింది. 10 లక్షల నుంచి కోటి దాకా అప్పు, ప్రతి బ్యాంకు బ్రాంచి కనీసం ఒక ఎస్సీ లేదా ఎస్టీకి, కనీసం ఒక మహిళకు ఇవ్వాలని పెట్టారు. దేశంలో బ్రాంచీలు లక్షా పాతిక వేలని అప్పుడు చెప్పారు. ఏడేళ్ల తర్వాత, 2023 మార్చికి, ప్రభుత్వం చెప్పిన లెక్కలో ఎస్సీ ఖాతాలు 26,889, ఎస్టీలవి 8,960. రెండూ కలిపితే 35,849. ఒక్కో బ్రాంచి ఒక్కటే ఇచ్చిందనుకున్నా పదింటిలో ఏడు బ్రాంచీలకు ఏడేళ్లలో ఒక్క ఎస్సీ, ఎస్టీ మనిషి కూడా కనపడలేదన్నమాట.

తెలంగాణ దళితబంధు గురించి మన మధ్యే కొట్లాటలున్నాయి. 2021 ఆగస్టులో హుజూరాబాద్ ఉప ఎన్నిక ముందు మొదలైంది, ఎందుకు మొదలైందో అందరికీ తెలుసు. లబ్ధిదారుల జాబితా ఎమ్మెల్యేల చేతికి పోయింది, కమీషన్ల మాట ముఖ్యమంత్రే తన పార్టీ సమావేశంలో ఎత్తాల్సి వచ్చింది. ఆ తిట్లన్నీ న్యాయమైనవే. కానీ ఒక్క విషయంలో అది పాత పథకాలన్నిటికంటే భిన్నం. 10 లక్షలు, బ్యాంకు అప్పు లేదు, ష్యూరిటీ లేదు. ఈ వంద ఏళ్ల కథలో మొదటిసారి మేనేజర్ జేబులోంచి తాళం చెవి బయటికొచ్చింది. వచ్చి ఎమ్మెల్యే జేబులోకి పోయింది, అది వేరే సంగతి. పథకాన్ని పాతిపెట్టేటప్పుడు ఆ ఒక్క సూత్రాన్ని కూడా కలిపి పాతిపెట్టొద్దని నా వాదన. డిమాండు రాసేవాళ్లు, మెమొరాండం ఇచ్చేవాళ్లు ఈ ముక్క రాయండి: యూనిట్ కాదు, నడిపే పెట్టుబడి కావాలి. ఒక్కసారి కాదు, కట్టిన కొద్దీ మళ్లీ ఇచ్చే అప్పు కావాలి. సర్కారు హాస్టళ్ల దుప్పట్లు, బూట్లు, కూరగాయలు మన సంఘాల దగ్గర కొనాలి. ష్యూరిటీ సర్కారే ఉండాలి.

వచ్చే భాగం డ్వాక్రా సంఘాల మీద, 2010 మైక్రోఫైనాన్స్ ఆర్డినెన్స్ మీద రాస్తాను. అప్పు భారం మగవాళ్ల నుంచి మన అమ్మల మీదికి ఎలా మారిందో చూద్దాం. ఈలోపు ఒక పని చేయండి. మీ ఇంట్లో, మీ వాడలో పాత ఎస్సీ కార్పొరేషన్ మంజూరు కాగితాలు, బ్యాంకు తిప్పి పంపిన దరఖాస్తులు ఉంటే ఖాతా నంబరు, పేరు కనపడకుండా కప్పి ఫోటో తీసి నాకు పంపండి. ఏ ఏడాది, ఏ జిల్లా, ఏ యూనిట్, తిప్పి పంపిన కారణం ఏమని రాశారు, ఈ నాలుగూ ఉంటే చాలు. ఇప్పటిదాకా నా దగ్గర ముప్పై ఒకటి ఉన్నాయి. అందులో పంతొమ్మిదింటి మీద కారణం రాయాల్సిన గడి ఖాళీగా ఉంది.